కొమ్మలు కలిసే చోట

నర్సీపట్నంలో తెల్లవారుజామున చింతపల్లి బస్సు ఎక్కుతూ "పులి కనిపిస్తుందా మాస్టారూ?" అని అడగని విద్యార్థి లేడు. పులి సంగతి అలా ఉంచండి. డౌనూరు దాటి ఘాటు మొదలయ్యాక నిద్రపోకుండా తల పైకెత్తి చూడండి. మనం వెతికేది బెట్టుడత. శాస్త్రజ్ఞులు దీనిని రటూఫా ఇండికా అంటారు.

ఇది మన పెరటి ఉడత కుటుంబానిదే గాని, వీపు మీద చారలుండవు. ముదురు ఎరుపు, గోధుమ రంగుల ఒళ్ళు, లేత రంగు పొట్ట. తోకతో కలిపితే సుమారు ఒక మీటరు పొడవు! పగలే తిరుగుతుంది, ఎండ ముదిరితే కొమ్మమీద సాగిలపడి విశ్రమిస్తుంది. అందుకే ఉదయం బస్సు ఎక్కమన్నాను.

ముందు గూడు వెతకండి. ఎత్తైన చెట్ల చిటారు కొమ్మల్లో పుల్లలూ, ఆకులూ కలిపి కట్టిన పెద్ద ఉండలా ఉంటుంది. అయితే మూడు గూళ్ళు కనిపిస్తే మూడు ఉడతలని రాసుకోకండి. ఒక్కటే చాలా గూళ్ళు కడుతుంది.

బెట్టుడత నేలమీదికి దిగడం అరుదు. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు దూకుతూ పోతుంది. ఒక్క దూకుకు సుమారు 6 మీటర్లు. రెండు బస్సులు తప్పుకొనే తారురోడ్డు వెడల్పు 7 మీటర్లు. ఇప్పుడు లెక్క మీరే వేయండి! రోడ్డు మీద కొమ్మలు కలిసిన చోట అది సులువుగా దాటుతుంది. అంచున చెట్లు కొట్టేసిన చోట ప్రాణాలకు తెగించి నేలకు దిగాలి, లేదా ఆవలి పళ్ళనూ, జతనూ వదులుకోవాలి. మనం ఎక్కిన దారే దాని అడవిని రెండు ముక్కలు చేసిందన్నమాట.

లంబసింగిలో దిగేలోగా ఒక పని చేయండి. ఎన్ని మలుపుల దగ్గర కొమ్మలు మీ తల మీద కలిశాయో నోటుబుక్కులో గీతలు పెట్టండి. వచ్చే ఏడాది అదే దారిన వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టండి.