చాట్ సర్వర్ – అనుబంధ మాడ్యూళ్ల అమరిక

దూరంగా ఉన్న వ్యక్తులు టైపు చేసిన మాటల ద్వారా తక్షణమే సంభాషించుకోవడం నేడు సర్వసాధారణమైనది. ఒకరి మాటను అందుకొని మరొకరికి చేరవేసే ప్రోగ్రామును చాట్ సర్వర్ అంటారు. 1988లో ఫిన్లాండు దేశంలోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ ఐ.ఆర్.సి. అనే సంభాషణ పద్ధతిని రూపొందించాడు. 1999లో జెరెమీ మిల్లర్ జాబర్ అనే మరొక పద్ధతిని ప్రకటించాడు. జాబర్ నియమాలే 2004లో ఎక్స్.ఎం.పి.పి. అనే పేరుతో అంతర్జాల ప్రమాణాలుగా వెలువడినాయి. ఈ ప్రమాణాన్ని అనుసరించి ఎవరైనా సొంత సర్వరును నడుపుకోవచ్చు. ఈమెయిల్ వలెనే ఒక సర్వరులోని సభ్యుడు వేరొక సర్వరులోని సభ్యునితో మాట్లాడవచ్చు. ఈ స్వేచ్ఛ ఉన్నచోట బాధ్యత కూడా ఉంటుంది. సొంత సర్వరులో లోపం వస్తే దానిని సరిదిద్దవలసినవారు నడిపేవారే.

ఇటువంటి సర్వర్లలో ప్రోసొడీ ఒకటి. దాని తొలి కూర్పు 2008లో వెలువడినది. అది లువా అనే భాషలో రాసిన ప్రోగ్రాము. లువాను 1993లో బ్రెజిల్ దేశంలోని రియో నగరంలో ఒక విశ్వవిద్యాలయ బృందం తయారుచేసినది. పోర్చుగీసు భాషలో ఆ మాటకు చంద్రుడని అర్థం. ప్రోసొడీ అనే ఆంగ్ల పదానికి అర్థం ఛందస్సు. తెలుగు విద్యార్థికి ఈ పేరు పరాయిదిగా తోచదు.

ప్రోసొడీ మూలభాగం చాలా చిన్నది. ఆప్తుల జాబితాను భద్రపరచడం, సంభాషణలను నిల్వచేయడం, బృంద సంభాషణకు గదులను ఏర్పరచడం వంటి పనులన్నింటిని మాడ్యూళ్లు అనే అనుబంధ భాగాలు నిర్వహిస్తాయి. వాటిలో కొన్ని ప్రోసొడీతోనే లభిస్తాయి. మరికొన్నింటిని ఔత్సాహికులు రాసి వేరొక భాండాగారంలో ఉంచుతారు. ఏ మాడ్యూల్ పనిచేయవలెనో ఆ పేరును అమరిక ఫైలులోని జాబితాలో చేర్చవలెను. పేరుకు ముందు రెండు అడ్డగీతలు ఉంటే సర్వర్ ఆ పేరును లెక్కించదు. కొత్తగా నేర్చుకొనేవారు చేసే తొలి పొరపాటు ఆ గీతలను తొలగించడం మరచిపోవడమే. రెండు పేర్ల మధ్య కామా గాని సెమికోలన్ గాని లోపించినప్పుడు సర్వర్ అమరికను చదవలేక ఆగిపోతుంది. అప్పుడు అది తెలిపే పంక్తి సంఖ్య తరచుగా తప్పు ఉన్న పంక్తిది కాక, దాని తరువాతి పంక్తిది అవుతుంది. కాబట్టి ఒక పంక్తి పైకి కూడా చూడవలెను.

పైన చెప్పినవి కంటికి కనిపించే తప్పులు. అంతకంటె కష్టమైనది సరైన పేరు సరికాని చోట ఉండడం. ఉత్పలమాలలో యతిస్థానం 10వ అక్షరం, చంపకమాలలో 11వ అక్షరం. పదం ఎంత మంచిదైనను ఒక్క అక్షరం ముందుకో వెనుకకో జరిగితే యతి చెడుతుంది. ప్రోసొడీ అమరిక కూడా ఇట్టిదే. అమరిక ఫైలులో ముఖ్యంగా మూడు స్థానాలు ఉంటాయి. ఫైలు మొదటినుండి వర్చువల్ హోస్ట్ అనే మాటతో మొదలయ్యే తొలి పంక్తి వరకు ఉన్నది సార్వత్రిక భాగం. అటుపై సభ్యుల ఖాతాలు ఉండే హోస్ట్ భాగం వస్తుంది. బృంద సంభాషణ గదుల వంటి ప్రత్యేక సేవలకు కాంపొనెంట్ భాగం ఉంటుంది. ఒక శీర్షిక కింద రాసిన ప్రతి పంక్తి, మరొక శీర్షిక వచ్చేవరకు, ఆ శీర్షికకే చెందుతుంది. అందువల్ల సర్వరంతటికి వర్తించవలెనని తలచి ఫైలు చివర చేర్చిన పంక్తి చిట్టచివరి కాంపొనెంట్‌కు మాత్రమే వర్తిస్తుంది. పంక్తిని ఎడమకు జరిపి రాసినంత మాత్రాన ఈ నియమం మారదు.

సార్వత్రిక జాబితాలోని మాడ్యూళ్లు హోస్టులన్నింటికి వర్తిస్తాయి గాని, అతికొన్ని తప్ప, కాంపొనెంట్లకు వర్తించవు. ఈ భేదం వల్ల కలిగే నష్టం ఎట్టిదో ఒక సందర్భాన్ని ఊహించి తెలుసుకోవచ్చు.

ఒక పట్టణంలోని రక్తదాతల సంఘం ఇటువంటి సర్వరును నడుపుతున్నదని భావించవచ్చు. ఆసుపత్రుల నుండి వచ్చే అభ్యర్థనలను సభ్యులు ఒక బృంద గదిలో చర్చిస్తారు. మరునాటి ఉదయం రావలసిన ఓ నెగెటివ్ దాత తనకు జ్వరం వచ్చినదని, వేరొకరిని చూడమని రాత్రి గదిలో రాస్తాడు. తెల్లవారుజామున కరెంటు పోయి సర్వర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఉదయం సంఘం కార్యదర్శి గదిలో ప్రవేశించేసరికి ఆ మాట కనిపించదు. ఆసుపత్రిలో రోగి బంధువులు రాని దాత కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

సర్వర్ నిర్వాహకుడు నిర్లక్ష్యం చేయలేదు. ఇద్దరి మధ్య జరిగే సంభాషణను నిల్వచేసే మాడ్యూల్ పేరు మామ్. దానిని సార్వత్రిక జాబితాలో చేర్చడం సరైనదే. గది సంభాషణలను నిల్వచేసే మాడ్యూల్ పేరు ఎం.యు.సి. మామ్. పేర్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి అతడు రెండవదానిని మొదటిదాని కిందనే రాసినాడు. అది ఉండవలసిన చోటు గదుల కాంపొనెంట్ కింద. ప్రోసొడీతో వచ్చే నమూనా ఫైలులో ఆ కాంపొనెంట్ దగ్గరే రెండు గీతలతో ఆపి ఉంచిన ఆ పంక్తి కనిపిస్తుంది. గీతలు తీసివేస్తే చాలును.

ఈ తప్పు ఎవరికీ తెలియకుండా నిలిచి ఉండడానికి మరొక కారణం కలదు. నిల్వ మాడ్యూల్ లేకపోయినను, గదిలో ప్రవేశించినవారికి సాధారణంగా చివరి 20 మాటలు కనిపిస్తాయి. ఆ మాటలు గది తాత్కాలిక జ్ఞాపకంలోనివి. సర్వర్ ఆగితే అవి చెరిగిపోతాయి. రోజూ పాతమాటలు కనిపిస్తున్నాయి కాబట్టి నిల్వ జరుగుతున్నదని అందరూ నమ్ముతారు. పనిచేస్తున్నట్లు కనిపించే దానిని ఎవరూ పరీక్షించరు.

సత్యాన్ని మొదట చెప్పేది లాగ్ ఫైలు. సర్వర్ మొదలైన క్షణంలోనే ఆ మాడ్యూల్ గదుల కాంపొనెంట్‌కు మాత్రమే ఉద్దేశించినదనే అర్థం గల దోషవాక్యం అందులో నమోదవుతుంది. అయితే ఆ సమయంలో వరుసగా వచ్చే పంక్తుల నడుమ అది మరుగున పడుతుంది. సర్వర్ నడుస్తున్నదని తెలిసిన తరువాత లాగ్‌ను తెరిచేవారు అరుదు. అమరికను మార్చిన ప్రతిసారి తొలి నిమిషంలోని పంక్తులను చదవడం మేలు. ప్రోసొడీసీటీఎల్ చెక్ కాన్ఫిగ్ అనే ఆదేశం కూడా అమరికలోని అనేక దోషాలను చూపుతుంది.

లాగ్ కూడా చెప్పని తప్పులు ఉన్నాయి. మాడ్యూల్ పేరు తప్పుగా రాస్తే ఆ పేరు గల ఫైలు దొరకలేదని సర్వర్ ఫిర్యాదు చేస్తుంది. కాని ఆ మాడ్యూల్‌కు చెందిన ఒక ఎంపిక పేరులో అక్షరదోషం దొర్లితే సాధారణంగా మౌనం వహిస్తుంది. తనకు తెలిసిన పేరు కనిపించనందున ముందే నిర్ణయించి ఉన్న విలువనే వాడుకుంటుంది. అట్లే ఒకే భాగంలో మాడ్యూళ్ల జాబితాను రెండుసార్లు రాస్తే రెండవది మొదటిదానిని తోసివేస్తుంది. ఒక మాడ్యూల్‌ను చేర్చిన వెంటనే అంతకుముందు పనిచేస్తున్న పది మాడ్యూళ్లు ఆగిపోయినవంటే వెదకవలసినది ఈ తప్పునే. బయటి భాండాగారం నుండి తెచ్చిన మాడ్యూళ్ల విషయంలో వాటి ఫోల్డరు దారిని అమరికలో తెలిపినారా, ఆ ఫైళ్లను చదివే అనుమతి సర్వరుకు ఉన్నదా అనే రెండింటిని పరిశీలించవలెను.

దోషం తెలిసిన తరువాత ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెను. నాలుగింటిని ఒకేసారి మార్చినవారికి సర్వర్ బాగుపడినను ఏది బాగుచేసినదో తెలియదు. రీలోడ్ ఆదేశం అమరికను మళ్లీ చదివిస్తుంది గాని, దానివల్ల కొత్త మాడ్యూల్ పనిలోకి వచ్చినదని నమ్మరాదు. సర్వరును పూర్తిగా ఆపి మొదలుపెట్టడమే ఉత్తమం. పరీక్ష కూడా అదే తీరున ఉండవలెను. రక్తదాతల గదిలో ఒక మాట రాసి, సర్వరును ఆపి, మళ్లీ మొదలుపెట్టి, వేరొక సభ్యుని ఖాతాతో ప్రవేశించి ఆ మాట కనిపిస్తున్నదో లేదో చూడవలెను.

మాట కనిపించినను మరొక విషయం మిగిలి ఉంటుంది. ఎవరూ మార్చకపోతే గది సంభాషణలు నిల్వలో ఒక వారం మాత్రమే ఉంటాయి. ఎవరు ఏ తేదీన రక్తమిచ్చినారో తిరిగి చూసుకొనే సంఘానికి వారం చాలదు. ఎల్లకాలం ఉంచితే దాతల ఫోన్ నంబర్లు, ఆరోగ్య విషయాలు కూడా ఎల్లకాలం ఉంటాయి. గడువు ఎంతో సంఘమే నిర్ణయించి ఫైలులో రాయవలెను. మాడ్యూల్ తన చోటికి చేరిన క్షణం నుండే నిల్వ మొదలవుతుంది. అంతకుముందు గదిలో రాసిన మాటలు సర్వరులో ఎక్కడా ఉండవు. ఏ సభ్యుని ఫోనులోనైనా మిగిలి ఉంటే అక్కడ వెదకవలసినదే.