అభ్యసన వైకల్యం - రెండు లిపుల నడుమ మన పిల్లలు

మార్కాపురం పలక పేరు వినని తెలుగువారు అరుదు. ఎన్ని తరాల పిల్లలో ఈ ప్రాంతపు రాతి మీద బలపం పట్టి ఓనమాలు దిద్దుకున్నారు. అదే పలక మీద కొందరి చేతిలో అక్షరం తిరగబడుతుంది, ఒత్తు జారిపోతుంది. నిన్న వచ్చిన గుణింతం నేడు కొత్తదై కూర్చుంటుంది. అట్టి బిడ్డను మొద్దు అంటాం. ఉర్దూ ఇండ్లలో ‘కుంద్ జెహన్’ అంటారు. ఈ పేర్లు న్యాయమైనవి కావని మేము భావిస్తున్నాం.

1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు పెర్సీ అనే పద్నాలుగేండ్ల బాలుని గురించి వ్రాశాడు. ఆ బాలుడు చురుకైనవాడు, ఆటలలో ఎవరికీ తీసిపోడు, అంకెలు చక్కగా చదువుతాడు. తన పేరును మాత్రం ‘ప్రెసీ’ అని వ్రాశాడు! బోధన అంతా నోటిమాటగా సాగితే బడిలో ఇతడే మేటి అని అతని ఉపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడు. 1963లో అమెరికా పండితుడు శామ్యూల్ కర్క్ ఇట్టి ఇబ్బందులకు అభ్యసన వైకల్యమనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. చదువుటలో వచ్చేది డిస్లెక్సియా. వ్రాతలో, గణితంలో వచ్చేవి వేరే కలవు. డిస్లెక్సియా గల బిడ్డకు ముఖ్యంగా మాటలోని ధ్వనులను విడదీసి అక్షరానికి జతపరచుట కష్టమవుతుంది. ఇది తరచు వంశంలో కనిపిస్తుంది. బుద్ధిమాంద్యం కాదు; బెత్తానికి లొంగేదీ కాదు.

మన గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలలో దీనిని గుర్తించుట మరికొంత చిక్కు. తెలుగు ఎడమ నుండి కుడికి నడుస్తుంది, ఉర్దూ కుడి నుండి ఎడమకు. తెలుగులో థ, ధ లకు చుక్కయే భేదం. ఉర్దూలో బే, పే, తే లకు రూపమొకటే, చుక్కలే వేరు. పైగా ఉర్దూలో హ్రస్వాచ్చులు సాధారణంగా వ్రాయరు. రెండూ నేర్చే బిడ్డ తొలి ఏండ్లలో తడబడుట సహజం. అయిదారేండ్ల ప్రాయంలో అక్షరాన్ని అద్దంలో వలె తిప్పి వ్రాయుట ఏ బిడ్డకైనా ఉన్నదే. ఒక లిపి ధారాళంగా చదివి రెండవదానిలో ఆగిపోతే అది సాధన లోపం కావచ్చును. తగిన బోధన చాలకాలం సాగినా రెండింటిలోనూ అదే ఇబ్బంది నిలిచిపోతే అప్పుడు అనుమానించవలెను. అంతకుముందు చూపు, వినికిడి పరీక్షింపవలెను. వానలు లేని ఏట పనికై వలసపోయిన తల్లిదండ్రుల వెంట బిడ్డ ఎన్ని నెలలు బడికి దూరమైనాడో కూడా అడుగవలెను. ఈ ప్రశ్న మరచిన పరీక్ష మన ప్రాంతానికి పనికిరాదు.

బోధనకు గొప్ప పరికరాలు అక్కరలేదు. ఒక్కొక్క ధ్వనిని నోట పలికిస్తూ, దాని అక్షరాన్ని పలక మీద పెద్దదిగా దిద్దించి, అది స్థిరపడిన పిమ్మటనే రెండవదానికి పోవలెను. అందరి ఎదుట గట్టిగా చదవమని బలవంతపెట్టరాదు. బడి మాన్పించి పలకల పనికో మేకల వెంటకో పంపేముందు ఈ పాటి ప్రయత్నమైనా జరుగవలెను.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ పిల్లలకు చోటు లేదు. 2016 చట్టం గుర్తించిన ఇరువదియొక్క వైకల్యాలలో ఇదీ ఒకటి. మూడవ తరగతిలో గాని ఎనిమిదవ ఏట గాని, ఏది ముందైతే అప్పుడు, బడిలోనే ప్రాథమిక పరిశీలన జరుగవలెనని 2018 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. ధ్రువపత్రం పొందినవారిని పద్నాలుగవ ఏట, పదునెనిమిదవ ఏట మరల పరీక్షింపవలెననీ అందులో ఉన్నది. పదునెనిమిదేండ్లంటే మన కళాశాల ప్రాయమే. పరీక్షలలో అదనపు సమయం, వ్రాయసగాని సహాయం వంటి సదుపాయాలు ఉన్నవని తెలియక ఎవరైనా మన తరగతులలో మౌనంగా కూర్చుని ఉండవచ్చును. ప్రవేశపత్రంలో ఇందుకొక గడి చేర్చే విషయం కమిటీ పెద్దలు ఆలోచించవలెనని కోరుతున్నాం.