నొప్పి ఒకచోట – మీట మరొకచోట

శరీరశాస్త్రం తరగతిలో కండరాలను గూర్చి మనం చదువుకుంటాం. ఫలానా కండరం ఎక్కడ పుట్టింది, ఎక్కడ అతుక్కుంది, దానికి ఏ నరం వస్తుంది, అది చేసే పని ఏమిటి – ఇవన్నీ కంఠస్థం చేసి పరీక్షలో అప్పజెప్పి వస్తాం. మన శరీరం బరువులో సుమారు 40 శాతం ఈ కండరాలదే. ఇంత పెద్ద అవయవం స్వయంగా నొప్పికి పుట్టినిల్లు కావచ్చునని మాత్రం మనకు తట్టదు. ఎముకనో, కీలునో, నరాన్నో అనుమానిస్తాం. నాకూ తట్టలేదు. మా చిన్నమ్మ మూలంగా తెలిసింది.

శంషాబాద్ దాటి బెంగుళూరు రహదారి మీద పోతే కొత్తూరు వస్తుంది. చిన్నమ్మ అక్కడి ఒక కర్మాగారంలో పాకింగు పని చేసేది. రోజంతా నిలబడి, మెడ వంచి, కుడిచేత్తో అట్టపెట్టెలు సర్ది మూయాలి. మొదట కుడి భుజం పట్టేసింది. తర్వాత కణత పోటు మొదలైంది. రెండేళ్ళు తిరిగేసరికి ఒళ్ళంతా నొప్పులే. “రాత్రి పండుకుంటే నిద్ర వట్టదు. పొద్దుగాల లేస్తే ఎవరో రోకలితోని దంచినట్టుంటది బిడ్డా” అనేది. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ సరిగానే వున్నాయి. చూపించుకున్న చోట “నీకే రోగమూ లేదమ్మా, మనసులో పెట్టుకోకు” అని పంపించారు. జహంగీర్ పీర్ దర్గాకు మొక్కుకున్నది. ఇంట్లో కొందరు “పని తప్పించుకునే సాకులు” అన్నారు. ఆ మాట ఆమెను నొప్పికంటె ఎక్కువ బాధించింది.

ఆమెకు ఉన్నది సాకా, రోగమా అని తెలుసుకునేందుకు నేను చదివిన చదువే ఈ వ్యాసం.

ట్రిగ్గర్ పాయింటు అంటే ఏమిటి?

ట్రిగ్గర్ అంటే తుపాకి మీట. నొక్కేది ఒకచోట, గుండు తగిలేది మరొకచోట. కండరంలో తీగలా బిగుసుకున్న ఒక పోగు, ఆ పోగులో చిన్న ముడివంటి చోటు వుంటుంది. దానిని బొటనవేలితో నొక్కితే అక్కడా నొప్పి పుడుతుంది, దూరంగా మరొకచోటా నొప్పి పుడుతుంది. భుజం పైనుండే ట్రపీజియస్ కండరంలోని ముడి నొప్పిని మెడ పక్కగా కణత వరకు పంపుతుంది. పిరుదులోని ముడి కాలి పొడుగునా నొప్పి పంపి, నడుము నరం నలిగిందేమో అనిపిస్తుంది.

ఇలా నొప్పి దూరం పోవటం కల్పన కాదు. 1938లో లండన్‌లో కెల్గ్రెన్ అనే వైద్యుడు గాఢమైన ఉప్పునీటిని కండరాలలోకి ఎక్కించి, సూది గుచ్చిన చోటికి దూరంగా నొప్పి కలుగుతుందని చూపించాడు. తరువాత అమెరికాలో డాక్టరు జానెట్ ట్రావెల్ ఏ కండరం నొప్పిని ఎటు పంపుతుందో పటాలు గీసింది. అధ్యక్షుడు కెన్నెడీకి వైద్యురాలిగా పనిచేసింది ఈమే. ఆమె డేవిడ్ సైమన్స్‌తో కలిసి రాసిన గ్రంథం మొదటి భాగం 1983లో వెలువడింది.

ముడి ఎందుకు పడుతుంది? సైమన్స్ ప్రతిపాదన ఇది: నరం కండరాన్ని కలిసే చోట అసిటైల్ కోలిన్ అవసరానికి మించి స్రవిస్తుంది. ఆ కాస్త మేర కండరం బిగిసి వదలదు. బిగింపు రక్తనాళికలను నొక్కుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది, నొప్పిని పుట్టించే రసాయనాలు పోగవుతాయి. ఈ సిద్ధాంతం అందరికీ సమ్మతం కాదు. 2015లో క్వింట్నర్ మొదలైనవారు దీనిని గట్టిగా విమర్శించారు. ఒకే రోగిని ఇద్దరు పరీక్షిస్తే ముడి దొరికే చోటు ఎప్పుడూ ఒకటే కాకపోవటం కూడా దీనికున్న లోటు.

ఏమైనా, ఒక వైద్యుడు చిన్నమ్మ కుడి భుజం పైన వేలు పెట్టి నొక్కినప్పుడు నేను పక్కనే వున్నాను. “అగో, గిదే! కణతకు గొడుతున్నది!” అని ఆమె కేక వేసింది. ఆ కేకలో బాధ కంటె సంతోషమే ఎక్కువ వినబడింది. ఆమె నొప్పి మరొకరి వేలికి తగలటం అదే మొదటిసారి.

ఫైబ్రోమయాల్జియా వేరు

ముడి దొరికింది గదా, రోగం తేలిపోయిందనుకున్నాను. తేలలేదు. ఒక భుజంలో ముడి కణత పోటుకు కారణం కావచ్చు. ఒళ్ళంతా నొప్పులు, నిద్ర తీర్చని అలసట, మతిమరుపు దేనివల్ల? ఈ లక్షణాలన్నీ కలిసినదే ఫైబ్రోమయాల్జియా.

1904లో గోవర్స్ “ఫైబ్రోసైటిస్” అనే పేరు పెట్టాడు. ఆ పేరుకు పీచు కణజాలపు వాపు అని అర్థం. కాని వాపు కనబడలేదు గనుక ఆ పేరు పోయింది. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఒక కొలమానం పెట్టింది: మూడు నెలలకు పైగా ఒళ్ళంతా నొప్పి వుండాలి, నిర్ణయించిన 18 చోట్లలో కనీసం 11 చోట్ల 4 కిలోల ఒత్తిడికి నొప్పి కలగాలి. వీటిని టెండర్ పాయింట్లు అన్నారు. విద్యార్థులు తరచు పొరబడేది ఇక్కడే. టెండర్ పాయింటు నొక్కినచోటనే నొస్తుంది. ట్రిగ్గర్ పాయింటు బిగుసుకున్న పోగులో వుండి, నొప్పిని దూరం పంపుతుంది. 2010 కొలమానంలో ఈ చోట్ల లెక్క తీసివేసి, శరీరంలోని 19 ప్రాంతాలలో ఎన్నింట నొప్పి వుందో, అలసట, నిద్ర, జ్ఞాపకం ఎలా వున్నాయో అడగటం మొదలుపెట్టారు.

ఎందుకంటే అసలు దోషం నాడీమండలంలో వుందని తేలుతూ వచ్చింది. 2002లో గ్రేస్‌లీ బృందం మెదడు చిత్రాలు తీసి చూసింది. ఆరోగ్యవంతులలో గట్టి ఒత్తిడికి మెదడు ఎలా స్పందిస్తుందో, ఈ రోగులలో బాగా తక్కువ ఒత్తిడికే అలా స్పందించింది. నొప్పి నటన అన్నవారికి ఇదే సమాధానం.

రెండింటికీ లంకె

పెళ్ళిపందిట్లో మైకుసెట్టును తలచుకోండి. ఆంప్లిఫయరు మీట ఎవరో పూర్తిగా తిప్పి వుంచారు. మైకు దగ్గర గుసగుసలాడినా ఊరంతా మోగుతుంది. ఫైబ్రోమయాల్జియాలో వెన్నుపాము, మెదడు ఆ ఆంప్లిఫయరు వంటివి. ట్రిగ్గర్ పాయింట్లు మైకు దగ్గర ఆగకుండా మాట్లాడేవారు. వారి నోరు మూయిస్తే గోల తగ్గుతుంది, కాని మీట తిరిగే వుంది. మీట తగ్గించినా, మాట్లాడేవారు మానకపోతే కొంత గోల మిగులుతుంది.

ఇది ఉపమానం మాత్రమే కాదు. 2011లో ఇటలీ పరిశోధకులు ఫైబ్రోమయాల్జియా రోగులలో ట్రిగ్గర్ పాయింట్లకు చికిత్స చేస్తే ఆ చోటి నొప్పే కాక, ఒళ్ళు నొప్పులు కూడా తగ్గినట్లు ప్రకటించారు. అయితే ముడులే ఈ రోగానికి మూలమని దీనితో రుజువు కాదు. ముడి రోగానికి ఆజ్యం పోస్తుంది. నిప్పు వేరేచోట వుంది.

చికిత్స మాట

ముందు థైరాయిడ్, కీళ్ళవాతం వంటివి లేవని డాక్టరు తేల్చాలి. ముడికి సాగదీసే వ్యాయామం, మర్దన, అవసరమైతే సూది. నాడీమండలానికి నిద్ర, తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ వంటి మందు, అన్నిటికంటె ముఖ్యంగా మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం. 2016లో యూరోపియన్ రుమటాలజీ సంఘం పరిశీలించిన చికిత్సలలో గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామాన్నే. మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచేయవు.

చిన్నమ్మకు సూదితో కణత పోటు తగ్గింది. ఒళ్ళు నొప్పులు పోలేదు. మొదట ఇంటి చుట్టూ పది నిమిషాలు, ఇప్పుడు సాయంత్రాలు అరగంట నడుస్తున్నది. నిద్ర కొంత పడుతున్నది. పాకింగు పని మానేసింది. “పూర్తిగ వోలేదు గాని, నాది అబద్ధం గాదని తెలిసింది గదా” అంటుంది.

మిత్రులారా! మనలో కొందరు రేపు వైద్యులవుతారు, కొందరు ఉపాధ్యాయులవుతారు, కొందరు పనివారి మీద అధికారులవుతారు. పరీక్షల్లో ఏమీ కనబడలేదని చెప్పటం వేరు, ఏమీ లేదని చెప్పటం వేరు. ఈ తేడా గుర్తుంటే నా వ్యాసం పని నెరవేరినట్లే.