కెమిస్ట్రీ చదివి మందు కనిపెట్టాలంటే

సందేహం: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది చదువుతున్నాను. కొత్త మందులు కనిపెట్టే పని చేయాలని కోరిక. కంపెనీలో సొంత ఆలోచనకి చోటుండదని ఒకరు, యూనివర్సిటీలో చేసిందంతా పేపర్లకే పరిమితమని ఇంకొకరు అంటున్నారు. ఎటు వెళ్లను?
– ఒక పాఠకురాలు, రెడ్డియార్‌పాళయం, పుదుచ్చేరి

సమాధానం: అమ్మా, రెండు చోట్లా పనిచేసిన మన భీమవరం మనిషిని చూడండి. యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగా, అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత ఏటీపీ బయటపడ్డాయి. అవి మందులు కావు, జీవం ఎలా నడుస్తుందో చెప్పిన సంగతులు.

1940లో ఆయన లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అందులో ఒక హైడ్రాక్సిల్ తీసి అమైనో సమూహం పెడితే అమైనోప్టెరిన్. ఫోలిక్ ఆమ్లాన్ని అందుకోవాల్సిన ఎంజైమ్ దీన్ని పట్టుకుని ఇక వదలదు, కణవిభజన ఆగుతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిచ్చి, 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో రాశారు. దానికే ఒక మిథైల్ చేరిస్తే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ వాడుతున్నాం. అణువు కట్టేవాళ్లు, జంతువుల మీద చూసేవాళ్లు, రోగికిచ్చే డాక్టరు చేయి కలపకపోతే ఇదంతా జరిగేది కాదు. కంపెనీలో ఆ కూర్పు దొరుకుతుంది.

మీ పుదుచ్చేరిలోనే 1975లో మొదలైన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఉంది. అక్కడ పరిశోధిస్తున్న బోదకాలుకి ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర కూడా, 1947లో సుబ్బారావు ఉన్న లెడర్లీ నుంచి వచ్చిందే. ఒకసారి వెళ్లి చూడండి.

నా సలహా: ముందు పీహెచ్‌డీ చేయండి, ఆర్గానిక్ సింథసిస్‌లో చేయి తిరగనివ్వండి. కంపెనీకి ఆ తర్వాత వెళ్లొచ్చు.

సందేహం: ఏళ్లు పనిచేసిన అణువు చివర్లో ఆగిపోతే?
– మరో పాఠకుడు, యానాం

సమాధానం: ఎక్కువగా ఆగిపోతాయి. డాక్టర్ రెడ్డీస్ కనిపెట్టి నోవో నార్డిస్క్‌కి ఇచ్చిన మధుమేహం మందు రాగాగ్లిటజార్, జంతువుల మూత్రాశయంలో కణితులు కనబడటంతో 2002లో ఆగింది. ఎంత బాధగా ఉన్నా, అది రోగి దాకా వెళ్లకుండా ఆపడం కూడా మన పనే. పనిచేయని అణువులనూ, ఎందుకు పనిచేయలేదో తోచిన కారణాన్నీ తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి.