గృహస్థుని కర్బన ఋణము

కాయకము, దాసోహము అనునవి మన ధర్మమునకు రెండు కన్నుల వంటివి. స్వకష్టముచే న్యాయముగ సంపాదించుట కాయకము. అట్లు సంపాదించినదానిని తనదని భావింపక, గురులింగజంగమములకును సమాజమునకును వినయముతో సమర్పించి, శేషమును ప్రసాదముగ స్వీకరించుట దాసోహము. ఈ రెంటి నడుమ మూడవది యొకటి దాగియున్నది. అది లెక్క. తనకెంత వలయునో యెరుగనివాడు ఎంత మిగిలినదో యెరుగడు. మిగిలినదెంతో యెరుగనివాడు దాసోహము చేయజాలడు.

లెక్కలు లౌకికములనియు, భక్తునకు వానితో పనిలేదనియు కొందరు తలచుదురు. అది సరికాదు. బసవేశ్వరుడు 12వ శతాబ్దమున బిజ్జలుని కోశాగారమునకు భండారియై యుండెను. ఆయన రాజధనమును జంగమములకు ధారపోయుచున్నాడని కొండెగాండ్రు చెప్పగా, కోశమును తెరచి లెక్క చూచినపుడు ఏమియు తగ్గలేదని పాల్కురికి సోమనాథుని బసవపురాణమందు కథ కలదు. లెక్క చూపగల శుచిత్వము భక్తికి వెలితి కాదు, ఆభరణము.

1. లక్కమ్మ అడిగిన ప్రశ్న

కళ్యాణ నగరమున ఆయ్దక్కి మారయ్య అను శరణుడుండెను. రాలిపడిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఆ బియ్యముతోనే జంగమార్చన జరుగుచుండెడిది. ఒకనాడు ఆయన నిత్యముకంటె అధికముగ బియ్యము తెచ్చెను. ఆయన ధర్మపత్ని లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. నేడు ఇంత యెందులకు తెచ్చితిరి, ఆశ పుట్టినదా యని ప్రశ్నించి, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే విడిచి రమ్మని పంపెను.

ఈ కథయందు గమనింపదగినది యొకటి కలదు. లక్కమ్మ ఎక్కువైన గింజలను గుర్తింపగలిగినది, దినమునకెంత వలయునో ఆమెకు ముందే తెలిసియుండుటచేతనే. కొలత లేనిచో ఆ ప్రశ్నయే పుట్టదు. నేడు మన యిండ్లలో బియ్యమునకు కొలత కలదు, పాలకు కొలత కలదు. కాని మన గృహము ఆకాశములోనికి విడుచుచున్న పొగకు కొలత లేదు. దాని లెక్కను నేర్చుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశ్యము.

2. కంటికి కనబడని పొగ

బొగ్గు, పెట్రోలు, వంటగ్యాసు మొదలగు ఇంధనములయందు కర్బనము కలదు. అవి మండునపుడు కర్బనము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువగును. 12 కిలోల కర్బనము 32 కిలోల ప్రాణవాయువుతో చేరి 44 కిలోల వాయువగును. అందుచేతనే ముప్పాతిక కిలో తూగు లీటరు పెట్రోలు మండినచో 2.3 కిలోల వాయువు వెలువడును. బరువు పెరుగుటకు కారణము గాలినుండి చేరిన ప్రాణవాయువే.

ఈ వాయువు సూర్యకాంతిని భూమికి రానిచ్చును గాని, భూమినుండి తిరిగి పోవలసిన వేడిమిని కొంత అడ్డగించును. యంత్రయుగమునకు పూర్వము గాలియందు పది లక్షల భాగములకు ఇది సుమారు 280 భాగములుండెను. 1958లో చార్లెస్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు హవాయి ద్వీపమున కొలుచుట ప్రారంభించునప్పటికి అది సుమారు 315 అయినది. 2024 నాటికి 420ని దాటినది. ఒకసారి గాలిలో చేరినదానిలో కొంతభాగము శతాబ్దముల తరబడి నిలిచియుండును. కావున దీనిని ఋణమనుటయే సముచితము. చేసినవారు గతించినను ఋణము మిగిలియుండును.

ఈ ఋణమును తీర్చుచున్నదెవరు? 2015 మే మాసమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు వేయిమందికి పైగా మృతినొందిరి. వృద్ధులును, ఎండలో కూలిపని చేయువారును అందు అనేకులు. ఏ యొక్క వడగాడ్పును ఏ యొక్క యింటి పొగకు ముడివేయ వీలులేదు. కాని భూతాపము పెరిగినకొలది ఇట్టి వడగాడ్పులు తీవ్రమగునని శాస్త్రము నిశ్చయముగ చెప్పుచున్నది. చల్లని గదిలో కూర్చున్నవాడు చేసిన అప్పును ఇటుకలు మోయు కాయకజీవి తన శరీరముతో తీర్చుచున్నాడు. కాయకమును పూజించు మనకు ఇంతకుమించిన ధర్మసంకటము వేరొకటి కలదా?

3. లెక్క కట్టు విధానము

ఇందులకు నాలుగు అంకెలు చాలును.

(అ) విద్యుత్తు: యూనిటు ఒకటికి సుమారు 0.7 కిలోలు. మన దీపము రామగుండము బొగ్గుచే వెలిగినదో, శ్రీశైలము చెంత కృష్ణా జలశక్తిచే వెలిగినదో వేరుచేసి చెప్పజాలము. అంతయు ఒకే తీగల వలలో కలియును. కావున దేశపు సగటునే గ్రహింపవలెను.

(ఆ) వంటగ్యాసు: 14.2 కిలోల సిలిండరు ఒకటికి సుమారు 42 కిలోలు.

(ఇ) పెట్రోలు: లీటరునకు 2.3 కిలోలు.

(ఈ) డీజిలు: లీటరునకు 2.7 కిలోలు.

ప్రతి సోమవారము శివపూజానంతరము మీటరునందలి అంకెను ఒక నోటు పుస్తకమున వ్రాయుడు. గత సోమవారపు అంకెను దీనినుండి తీసివేసినచో ఆ వారపు యూనిట్లు తెలియును. సిలిండరు మార్చిన తేదిని, వాహనమునకు పోయించిన లీటర్లను అదే పుటలో వ్రాయుడు. రూపాయలు వ్రాసిన చాలదు, ఏలయన ధరలు మారుచుండును. యూనిట్లు, లీటర్లు, కిలోలు మాత్రమే మారని సాక్షులు.

4. ఒక గృహపు లెక్క

నలుగురున్న ఒక మధ్యతరగతి గృహమును ఊహించుకొందము. నెలకు 150 యూనిట్ల విద్యుత్తు, ఒక సిలిండరు, 20 లీటర్ల పెట్రోలు వ్యయమగుచున్నవనుకొనుడు.

విద్యుత్తు 105 కిలోలు, వంటగ్యాసు 42 కిలోలు, పెట్రోలు 46 కిలోలు, వెరసి నెలకు 193 కిలోలు. సంవత్సరమునకు సుమారు 2,300 కిలోలు, అనగా 2.3 టన్నులు.

ఆ యింటికి వేసవిలో ఒక శీతల యంత్రము (ఏ.సీ.) వచ్చినదనుకొనుడు. గంటకు ఒక యూనిటు చొప్పున రాత్రి 8 గంటలు నడచినచో నెలకు 240 యూనిట్లు, అనగా 168 కిలోలు. అంతవరకు వంట, దీపములు, పంకాలు, ప్రయాణములు అన్నియు కలిసి చేసిన దానికి ఒక్క యంత్రమే ఇంచుమించు సమానమైనది!

ఇంకొక యుదాహరణము. నేడు మనలో అనేకుల పిల్లలు అమెరికాలో నున్నారు. హైదరాబాదునుండి అచ్చటికి విమానమున పోయి వచ్చుటకు ఒక్కొక్కరికి 2 టన్నులకు పైగా నగును. ఒక్కరి ఒక్క ప్రయాణము నలుగురి యింటి సంవత్సరపు లెక్కతో సరితూగుచున్నది. మనుమలను చూడబోవు తల్లిదండ్రులను వెళ్లవద్దనుట మా యభిప్రాయము కాదు. పెద్ద పద్దు ఎచ్చట నున్నదో తెలియవలెనని మాత్రమే చెప్పుచున్నాము. రెండుమార్లు స్వల్పకాలము వెళ్లుటకంటె ఒకమారు వెళ్లి ఎక్కువ దినములుండుట మేలని ఆ పద్దే చెప్పగలదు.

భోజనము, వస్త్రములు, గృహనిర్మాణము మున్నగువానికిని లెక్క కలదు. 50 కిలోల సిమెంటు బస్తా తయారగుటకు సుమారు 30 కిలోల వాయువు వెలువడును. నీరు నిలిచిన వరిమళ్లనుండి మీథేను అను వేరొక తాపకారక వాయువు పుట్టును. ఇవి ఇంటి మీటరులో కనబడవు. కనుక మొదట కనబడు నాలుగు అంకెలతో ప్రారంభించుట యుక్తము.

5. తగ్గించు మార్గములు

చిన్నదానికి పెద్ద శ్రమపడి పెద్దదానిని విడుచుట లోకస్వభావము. చరవాణి చార్జరును తీసివేసినంతనే ధర్మము నెరవేరినదని తలపరాదు. పై గృహమున ఏమి చేయవచ్చునో వరుసగ చూతము.

పంకాలు: సాధారణ పంకా 75 వాట్లు వాడును. బీ.ఎల్.డీ.సీ. అను క్రొత్తరకము సుమారు 30 వాట్లే వాడును. దినమునకు 12 గంటలు తిరుగు మూడు పంకాలను మార్చినచో నెలకు 48 యూనిట్లు, అనగా 34 కిలోలు తగ్గును. వెల అధికమే యైనను బిల్లులో క్రమముగ తిరిగి వచ్చును.

స్నానపు నీరు: 2 కిలోవాట్ల గీజరు దినమునకు అరగంట నడచినచో నెలకు 30 యూనిట్లు. ఎండకు కాగు నీటిని వాడినచో 21 కిలోలు తగ్గును.

వంట: పప్పును ముందుగ నానబెట్టుట, పాత్రపై మూతపెట్టుట, కుక్కరు వాడుట, ఉడుకు పట్టినపిదప మంట తగ్గించుట. వీనిచే ముప్పది దినముల సిలిండరు ముప్పదియారు దినములు వచ్చినచో నెలకు 7 కిలోలు తగ్గును.

వాహనము: నెలకు 5 లీటర్ల పెట్రోలు మానినచో సుమారు 11 కిలోలు తగ్గును.

వెరసి 73 కిలోలు. 193 కిలోల లెక్క 120కి దిగినది. మూడవవంతుకు మించి తగ్గినను ఆ యింట నెవ్వరును చీకటిలో కూర్చుండలేదు, ఆకలితో నుండలేదు.

శీతల యంత్రమున్నవారు దానిని 20 డిగ్రీలయొద్ద గాక 25 డిగ్రీలయొద్ద నుంచవలెను. ఒక్కొక్క డిగ్రీకి సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థవారు తెలిపియున్నారు. స్వగృహమున్నవారు మిద్దెపై సౌరఫలకములను అమర్చుకొనవచ్చును. ఒక కిలోవాటు ఫలకములు దినమునకు సుమారు 4 యూనిట్లనిచ్చును. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద కేంద్ర ప్రభుత్వ సహాయమును కలదు.

యాత్రలకును ఇదే న్యాయము. హైదరాబాదునుండి శ్రీశైలము సుమారు 210 కిలోమీటర్లు. ఒక్కడే కారులో పోయినచో 14 లీటర్ల పెట్రోలు, 32 కిలోల వాయువు. నలుగురు కలిసి పోయినచో తలకు 8 కిలోలు. నలువదిమంది కూర్చున్న బస్సులో తలకు 3 కిలోలకు మించదు. మల్లికార్జునుని దర్శనఫలము మాత్రము అందరికిని సమానమే.

6. మిగిలినది ఎచ్చటికి పోవలెను?

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. పంకాలు మార్చి, నీరు ఎండకు కాచి, బిల్లులో మిగిల్చిన ధనముతో రెండవ శీతల యంత్రము కొన్నచో ఏమి తగ్గినది? ఒక ద్వారమున వెడలిన ఆశ మరియొక ద్వారమున ప్రవేశించినది. లక్కమ్మ మిగులు గింజలను వేరొక కుండలో దాచుకొనలేదు, తిరిగి పంపించినది. మనమును మిగిలినదానిని దాసోహమునకు మరల్పవలెను. ఇరుగుపొరుగున ఎండలో పనిచేయువారికి చలివేంద్రము, రేకుల యింటిలో నుండు వృద్ధురాలికి ఒక పంకా, కట్టెలపొయ్యి పొగలో కన్నులు పాడుచేసుకొను తల్లికి ఒక సిలిండరు. ఇవి దాసోహము కావా?

సిలిండరు ఇచ్చిన పొగ పెరుగును గదా యని కొందరడుగవచ్చును. ఈ పాఠము అందరికిని ఒకే విధముగ వర్తింపదు. ఒకే పంకా, రెండు దీపములు గల యింటిని తగ్గించుకొమ్మనుట అన్యాయము. వారికి వెలుగు పెరుగవలెను. తగ్గింపవలసినది ఎక్కువ తెచ్చుకొన్నవాడు. సమత్వమును బోధించిన ధర్మమున బరువును భుజబలమును బట్టియే మోయవలెను.

7. సమష్టి కార్యములు

బసవ జయంతి, మహాశివరాత్రి, వివాహములు మనకు పరీక్షలు. పగటివేళ వందలకొలది దీపములు, గంటలతరబడి డీజిలు జనరేటరు, విస్తళ్లలో విడిచిన అన్నము. ఇవి బసవేశ్వరునికి ప్రీతికరములని యెవ్వరు చెప్పిరి? జనరేటరు గంటకు 5 లీటర్లు త్రాగినచో 6 గంటలకు 30 లీటర్లు, 81 కిలోల వాయువు. అన్నమును విడుచుట మనకు మరింత దోషము. అష్టావరణములలో ప్రసాదమొకటి. విస్తరిని శేషము లేకుండ ముగించుట మన పెద్దల ఆచారము. వడ్డించువారు కొద్దికొద్దిగ వడ్డించి, మరల అడిగినచో మరల వడ్డించినచో ప్రసాదము పారవేయబడదు. అన్నము వృథాయైనచో దానిని పండించిన నీరు, వండిన ఇంధనము అన్నియు వృథాయగును.

మఠములును సంఘములును తమ భవనముల విద్యుత్తు లెక్కను వార్షిక ఆయవ్యయములతోపాటు సభ్యులకు చదివి వినిపించుట మంచి సంప్రదాయము కాగలదు. కోశమును తెరచి చూపిన భండారికి మనము వారసులము గదా!

శరణబంధువులారా! ఈ లెక్క యితరులను నిందించుటకు గాదు. గృహిణి గృహస్థుని, గృహస్థుడు గృహిణిని, పిల్లలు పెద్దలను వినయముతో అడుగుటకై యేర్పడినది. నేడు ఇంత యెందులకు, ఆశ పుట్టినదా? ఈ ప్రశ్న వినబడు యింట భక్తి జీవించియుండును.

అభ్యాసము

1. మీ గృహపు మీటరును వరుసగ నాలుగు సోమవారములు చూచి, మూడు వారముల యూనిట్లను, వాయువు తూకమును లెక్కింపుడు.
2. మీ లెక్కలో విద్యుత్తు, వంటగ్యాసు, ప్రయాణములలో ఏది పెద్దది? దానిని పదవవంతు తగ్గించుటకు రెండు మార్గములు వ్రాయుడు.
3. మారయ్య తెచ్చిన అధిక బియ్యము దొంగసొత్తు కాదు. అయినను లక్కమ్మ ఏల తిరిగి పంపినది? కుటుంబమందరు కూర్చుండి చర్చింపుడు.
4. తగ్గించుటవలన మిగిలిన ధనమును ఈ వేసవిలో ఏ దాసోహమునకు వినియోగింతురో ముందుగనే నిర్ణయించి పుస్తకమున వ్రాసికొనుడు.

శరణు శరణార్థి.