గుర్రాన్ని ఇంకొకరి లాయంలో ఉంచుతున్నారా? తరచూ అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ శివార్లలో అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపు నెలవారీ రుసుము తీసుకుని గుర్రాలను చూసుకునే లాయాలు ఉన్నాయి. గుర్రం కొన్నవాళ్ళు లాయం చూసి వస్తారు, మేత చూసి వస్తారు. కాగితం మాత్రం చూడరు. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

గుర్రాన్ని అప్పజెప్పాక బాధ్యత ఎవరిది?

యజమాని మీరే. కాపాడాల్సిన బాధ్యత లాయం వాళ్ళది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం దీన్ని బెయిల్‌మెంట్ అంటుంది. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత గుర్రాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలని సెక్షన్ 151 చెబుతోంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కూడా యజమానితో పాటు జంతువు ఎవరి సంరక్షణలో ఉందో వాళ్ళ మీదా బాధ్యత పెట్టింది. అయితే ఆ చట్టం కింద తొలి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలే. నోరులేని జీవానికి జరిగిన హింసకు ఈ వెల కట్టడం అన్యాయం. అందుకే మీ రక్షణ మీ ఒప్పంద పత్రంలో ఉండాలంటాను.

నా గుర్రం మీద వేరేవాళ్ళను ఎక్కించవచ్చా?

మీరు ఒప్పుకోకపోతే కుదరదు. ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. మా ఆడగుర్రాన్ని కొన్నాళ్ళు ఊరవతల ఒక లాయంలో ఉంచాం. ఒక ఆదివారం వెళ్ళి వీపు మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి పక్కకు జరిగింది. జీను ఆనే చోట వెంట్రుకలు ఊడిపోయి, రూపాయి బిళ్ళంత పచ్చి పుండు. చుట్టూ చెమట ఎండి తెల్లగా ఉప్పు కట్టి ఉంది. గట్టిగా అడిగితే గుర్రాన్ని చూసుకునే సైసు తల వంచుకుని చెప్పాడు: నెల రోజులుగా స్వారీ నేర్చుకునే పిల్లలను దాని మీదే తిప్పుతున్నారట. మా దగ్గర రుసుము రసీదు తప్ప ఇంకే కాగితమూ లేదు.

ఒప్పుకున్న షరతులకు విరుద్ధంగా వాడుకుంటే, ఆ వాడకంలో జరిగిన నష్టానికి పరిహారం ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 154 చెబుతోంది. చట్టమే ఇచ్చిన ఉదాహరణ చూడండి. ఒకడు తాను ఎక్కడానికని గుర్రాన్ని అడిగి తీసుకుని, ఇంట్లో ఇంకొకరిని ఎక్కిస్తాడు. ఆ మనిషి జాగ్రత్తగానే నడిపినా గుర్రం పడి దెబ్బ తింటుంది. అయినా తీసుకున్నవాడు పరిహారం ఇవ్వాల్సిందే. కాబట్టి ఎవరు ఎక్కవచ్చు, రోజుకు ఎంతసేపు అన్నది పేర్లతో సహా రాయించుకోండి.

మా గుర్రం తన్నుతుంది. ముందే చెప్పాలా?

చెప్పి తీరాలి. మీకు తెలిసిన లోపాన్ని దాచి అప్పజెప్పితే, దానివల్ల నేరుగా జరిగే నష్టానికి మీరే బాధ్యులని సెక్షన్ 150 చెబుతోంది. రోజూ దాని వెనక కాళ్ళ దగ్గర వంగి లద్దె ఎత్తేది సైసు. ఆ మనిషి ప్రాణం గురించి ఆలోచించండి.

రుసుము బాకీ ఉంటే గుర్రాన్ని ఆపుకోవచ్చా?

ఒప్పందంలో ఏం రాశారన్నదే ముందు చూడాలి. బాకీ తీరేదాకా గుర్రం మా దగ్గరే ఉంటుందన్న షరతుకు మీరు సంతకం పెట్టి ఉంటే వాళ్ళ వాదనకు బలం ఉంటుంది. అలాంటి షరతు లేనప్పుడు సెక్షన్ 170 చూడాలి. శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవాడికి కూలి ముట్టేదాకా వస్తువును ఆపుకునే హక్కును అది ఇస్తుంది. శిక్షణ ఇచ్చినవాడికి ఆ హక్కు ఉంటుందని, ఊరికే కట్టేసి మేపినవాడికి ఉండదని పాత ఇంగ్లిష్ తీర్పులు తేడా చూపాయి. ఒక విషయంలో మాత్రం వాదనకు తావు లేదు. బాకీ ఎంతున్నా దాణా, నీళ్ళు ఆపకూడదు. మీకు చెప్పకుండా దురుద్దేశంతో గుర్రాన్ని అమ్మేస్తే అది నమ్మకద్రోహం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద పోలీసులకు ఫిర్యాదు ఇవ్వవచ్చు.

లాయంలో ఉండగా ఈనితే పిల్ల ఎవరిది?

వేరే ఒప్పందం లేకపోతే మీదే. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 163 ఆవు, దూడ ఉదాహరణతో ఈ మాటే చెబుతోంది.

జబ్బు చేస్తే?

గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపునొప్పి వస్తే నేల మీద పడి దొర్లుతుంది, కాలితో నేల గీరుతుంది, డొక్కల వైపు తిరిగి చూస్తుంది. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. మీ ఫోన్ కలవకపోతే ఏ డాక్టర్ని పిలవాలి, ఎంత ఖర్చు వరకు మీ అనుమతి అక్కర్లేదు అన్నది ముందే రాసిపెట్టండి. వైద్యం చేసేది రిజిస్టరైన పశువైద్యుడే కావాలి.

గ్లాండర్స్ అనే అంటువ్యాధి సంగతి వేరు. ఇది గుర్రాల నుంచి మనుషులకూ సోకుతుంది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం అనుమానం రాగానే యజమాని అయినా, లాయం నడిపేవాళ్ళయినా గ్రామ అధికారికో పంచాయతీకో తెలపాలి. కొత్త గుర్రం వస్తే పరీక్ష చేయిస్తారా, కొన్నాళ్ళు విడిగా ఉంచుతారా అని చేరేముందే అడగండి.

ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

చెప్పకుండా వెళ్ళండి, మధ్యాహ్నం ఎండవేళ వెళ్ళండి. నీళ్ళ తొట్టిలో చెయ్యి పెట్టి చూడండి. అడుగున పాచి జారుతుంటే వెనక్కి వచ్చేయండి. అక్కడున్న ఏదైనా గుర్రం డెక్క ఎత్తి చూపించమనండి. కుళ్ళు వాసన వస్తే అది తడి నేలలో నిలబడి ఉంటోందని అర్థం. గది పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు ఉంటే పెద్ద గుర్రం హాయిగా పడుకుని లేస్తుంది. ఉలవలు, గడ్డి రోజుకు ఎంతెంత పెడతారో, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి నాడాలు మార్పించే ఖర్చు ఎవరిదో అడగండి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

సొంతానికి పెంచుకునే గుర్రమైతే మీరు వినియోగదారులే. మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్ళవచ్చు, రెండేళ్ళలోపు వెళ్ళాలి. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. రసీదులు, తేదీలున్న ఫొటోలు, డాక్టర్ చీటీలు దాచుకోండి. చేర్చిన రోజునే గుర్రాన్ని నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి, లాయం వాళ్ళ చేత సంతకం పెట్టించుకోండి.