ధారణ – పద విచారము

బాలుడొకడు పద్యమును తడబడక అప్పగించినచో “వీనికి మంచి ధారణ కలదు” అని పెద్దలు మెచ్చుకొందురు. ఆ యింటనే శిశువునకు లింగధారణ జరుగును. చెవికి ఒక్కటిగా వినబడు ఈ రెండు మాటలకును చుట్టరికము కలదా?

కలదు. రెండింటికిని ‘ధృ’ ధాతువే మూలము. పట్టుట, నిలుపుట, మోయుట దాని యర్థములు. ధర్మము, ధరణి, ధృతి, ఆధారము దాని సంతతియే. సంస్కృతమున ‘ధారణమ్’ నపుంసకలింగము. మేన తాల్చుటకు ఇది తగిన మాట. ‘ధారణా’ స్త్రీలింగము, మనస్సున నిలుపుకొనుటకు ఇది చెల్లును. రెండవది తెలుగున తుది దీర్ఘము పోయి ‘ధారణ’ యైనది. ‘లింగధారణము’ సైతము వాడుకలో ‘లింగధారణ’ యగుటచే రెండును కలిసిపోయినవి.

ధారణగల బుద్ధిని అమరకోశము ‘మేధ’ యన్నది. పతంజలి అష్టాంగములలో ధారణ ఆరవది. చిత్తమును ఒకచోట కట్టివేయుటయే దాని లక్షణము. ఈ రెండుచోట్లను నోటి ప్రసక్తి లేకుండుట గమనింపదగినది. కంఠస్థమన కంఠమున నున్నది. తెలుగువారి ‘నోటికి వచ్చుట’, కన్నడిగుల ‘బాయిపాఠ’ నోటిని చెప్పును. వల్లెవేయుట సాధనము మాత్రమే. (అవధానులను ప్రశంసించుచు కొందరు ధారను, ధారణను ఒక్కటిగా వాడుదురు. అది పొరపాటు. ధార పద్యప్రవాహము, ధారణ చెప్పినదానిని నిలుపుకొనుట.)

ఈ భేదము వచనములకడ మిక్కిలి అక్కరకు వచ్చును. సోమనాథుని బసవపురాణము ద్విపద; యతిప్రాసలు జ్ఞాపకమునకు ఊతమిచ్చును. బసవేశ్వరుని వచనమునకు అట్టి ఛందోబంధము లేదు. ఒక పోలికనుండి మరియొక పోలికకు సాగు భావమే దానిని నిలుపు త్రాడు. ఇంట కన్నడము మాటలాడని తెలుగు బాలిక కేవలము శబ్దమును పట్టినచో నడుమ ఒక వాక్యము జారగానే త్రోవ తప్పి, తటాలున ‘కూడలసంగమదేవ’ యను అంకితముకడకు దుముకును. సభలో చప్పట్లు మ్రోగవచ్చును గాని అది కంఠస్థమే, ధారణ కాదు.

కావున వచనభావమును ముందుగా తెలుగున చెప్పి, బిడ్డచే దానిని సొంతమాటలలో చెప్పించి, పిదప రెండేసి వాక్యములుగా మూలము నేర్పవలెను. నడుమ ఆగినప్పుడు తరువాతి పదము నందింపక “ఇప్పుడు దేనితో పోల్చుచున్నాడు?” అని యడిగిన చాలును. భావము తోచినచో పదము దానివెంటనే వచ్చును.